డెక్కు టిక్కెట్టు నుంచి డిజియాత్ర దాకా

విశాఖ నుంచి హైదరాబాదుకు విమానం టిక్కెట్టు కొన్నప్పుడు మొత్తం ఎంతయిందో చూసి ఊరుకుంటాం. ఆ మొత్తాన్ని విడదీసి చూపించే చోట ఏవియేషన్ సెక్యూరిటీ ఫీజు అని ఒక పద్దు ఉంటుంది. 2021 ఏప్రిల్ 1న దాన్ని 160 రూపాయల నుంచి 200 చేశారు. జీఎస్టీ కలిపితే 236. మన సంచిని ఎక్స్‌రే మిషన్‌లోంచి పంపి, జవాను మన జేబులు తడిమి చూసి వదలడానికి అయ్యే ఖర్చు కోసం కట్టే డబ్బు అది. చవక టిక్కెట్టుకూ ఖరీదైన టిక్కెట్టుకూ ఒకటే రేటు. అంటే తనిఖీ కోసం అందరం సమానంగా, ముందుగానే కట్టేశాం.

మొన్న డాలస్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, వచ్చే ఏడాది ఎలాగూ వస్తారు కదా, నువ్వూ అమ్మా గ్లోబల్ ఎంట్రీకి అప్లై చేసుకోండి, లైన్లో నిలబడక్కర్లేదు" అంది. మనిషికి 120 డాలర్లు. ఆ డబ్బు సంగతి అలా ఉంచి, డబ్బిచ్చి తనిఖీ తొందరగా ముగించుకునే ఆ పద్ధతి గురించే నాలుగు రోజులు ఆలోచించాను. ఎందుకంటే అది మా ఊరికి కొత్త కాదు. ఇక్కడ విమానం దిగకముందే ఉంది.

మా తాతగారు రంగం వెళ్ళొచ్చిన మనిషి. రంగూన్‌ను మా వైపు రంగం అనే అంటారు. కోతలయ్యాక ఓడెక్కి వెళ్ళి, అక్కడి బియ్యం మిల్లుల్లోనో రేవులోనో కష్టపడి, నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగొచ్చేవారు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు మన తీరం వెంబడి ఆగుతూ జనాన్ని ఎక్కించుకునేవి. 1933లో విశాఖ లోపలి రేవు తెరిచేదాకా ఓడ సముద్రంలోనే లంగరు వేసేది. మూటాముల్లెతో పడవెక్కి, కెరటాలు దాటుకుని వెళ్ళి ఓడను అందుకోవాలి. కూలికి పోయేవారిది డెక్కు టిక్కెట్టు. పైకప్పు లేని చెక్క మీద, మూటకు మూట ఆనించుకుని పడుకోవడం.

రంగూన్ రేవులో ప్లేగు, మశూచి భయంతో డాక్టరు పరీక్ష ఉండేది. డెక్కు మీద వచ్చినవాళ్ళను వరసగా నిలబెట్టి పరీక్షించేవారు, కూలీలకు టీకాలు వేసేవారు. క్యాబిన్ టిక్కెట్టున్నవాళ్ళకు ఆ నిలబడటం ఉండేది కాదు. తాతగారు అరుగు మీద కూర్చుని ఈ సంగతి చెప్పేటప్పుడు ఎండ గురించి గాని, టీకా నొప్పి గురించి గాని ఒక్క మాట అనేవారు కాదు. "మశూచికి టిక్కెట్టు కనబడతాదేటి?" అనేవారు. తనిఖీ గురించి నాకు తెలిసిన మొదటి ప్రశ్న అది. ఇప్పటికీ అంతకంటే సూటిగా అడిగినవాళ్ళను చూడలేదు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. లక్షల మంది అడవులు పట్టి, కొండలు దాటి నడిచొచ్చారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదే బాంబులు పడ్డాయి. ఆ యుద్ధకాలంలోనే బ్రిటిష్ వైమానిక దళం కోసం ఇక్కడ ఒక రన్‌వే వేశారు. ఎన్ఏడీ కొత్తరోడ్డు దాటాక వచ్చే విమానాశ్రయానికి మొదలు అదే. 1981లో రోజుకొక్క విమానంతో ప్రయాణికుల రాకపోకలు మొదలయ్యాయి. నేల నేవీది. 1991 నుంచి ఐఎన్ఎస్ డేగా పేరుతో అది నౌకాదళ విమాన స్థావరం, మనం దాని పక్కన ఇచ్చిన చోటు నుంచి ఎక్కి దిగుతున్నాం.

ఇప్పుడు మనం చూస్తున్న తనిఖీలో ప్రతి అంచె వెనకా ఒక ఘోరం ఉంది. 1976 సెప్టెంబరు 10న ఢిల్లీలో బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని హైజాక్ చేసి లాహోర్ తీసుకుపోయారు. ఆ తర్వాత పాండే కమిటీ చేసిన సిఫారసుతో 1978 జనవరిలో డీజీసీఏలో ఒక భాగంగా విమానాల భద్రతా విభాగం పుట్టింది. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం అట్లాంటిక్ మీద పేలిపోయి 329 మంది చనిపోయారు. బాంబున్న సూట్‌కేసు విమానం ఎక్కింది, దాన్ని కౌంటర్లో ఇచ్చిన మనిషి ఎక్కలేదు. 1987 ఏప్రిల్ 1 నుంచి ఆ భద్రతా విభాగం బీసీఏఎస్ పేరుతో విడి శాఖ అయింది.

ఆ సూట్‌కేసు నేర్పిన పాఠం తొంభైల్లో నేను కళ్ళారా చూశాను. ఆఫీసు పని మీద హైదరాబాదు వెళ్తున్నప్పుడు, విమానం దగ్గర సిమెంటు నేల మీద పెట్టెలన్నీ బారుగా పేర్చి ఉండేవి. ప్రయాణికులు ఒక్కొక్కరే నడిచెళ్ళి తమ పెట్టె ఏదో వేలు పెట్టి చూపించాలి. చూపించగానే లోడరు దాని మీద సుద్దముక్కతో ఒక గీత గీసి బండి మీదికి ఎత్తేవాడు. గీత పడని పెట్టె అక్కడే ఉండిపోయేది. ముందు సీట్లో కూర్చునే కాంట్రాక్టరు గారైనా, మొదటిసారి విమానం ఎక్కుతూ బెదురుగా చూస్తున్న ముసలమ్మైనా ఆ ఎండలో తన పెట్టె దగ్గర తాను నిలబడాల్సిందే. చేతిసంచికి దారంతో కట్టిన అట్టముక్క, దాని మీద రబ్బరు స్టాంపు. స్టాంపు లేకపోతే మెట్ల దాకా వెళ్ళినవారు కూడా వెనక్కి రావాలి. ఎంత ఇబ్బందిగా ఉన్నా, ఆ పద్ధతిలో నాకు నచ్చింది ఒకటుంది. దాన్ని తప్పించుకునే టిక్కెట్టు ఎక్కడా అమ్మేవారు కాదు.

1999 డిసెంబరులో ఖాట్మండు విమానాన్ని కాందహార్ తీసుకుపోయాక, అప్పటిదాకా రాష్ట్ర పోలీసులు చేస్తున్న తనిఖీని సీఐఎస్ఎఫ్‌కు అప్పగించడం మొదలైంది. మొదట 2000 ఫిబ్రవరి 3న జైపూర్, తర్వాత ఒక్కొక్కటిగా మిగతా విమానాశ్రయాలు. విశాఖ జనానికి ఆ దళం పరిచయమే. ఉక్కు కర్మాగారం గేటు దగ్గరా పోర్టు గేటు దగ్గరా రోజూ చూసే యూనిఫారమే.

గేటు తనిఖీ గురించి నాకు వేరే అనుభవం కూడా ఉంది. గాజువాక పక్కన ఒక పెద్ద ఫ్యాక్టరీలో నా ఉద్యోగమంతా గడిచింది. పొద్దున ఆరింటి షిఫ్టుకు గేటు ముందు రెండు వరసలు. పర్మనెంటు వాళ్ళది ఒకటి, కాంట్రాక్టు కూలీలది ఒకటి. మేము మెడలో కార్డు పైకెత్తి చూపిస్తూ నడిచి వెళ్ళిపోయేవాళ్ళం. వాళ్ళు పాసు తీయాలి, క్యారేజీ మూత తీసి చూపించాలి, చొక్కా జేబు బయటికి లాగాలి. గేటు దాటడం ఆలస్యమైతే ఆ పూట కూలి పోయేది. ఎందుకలా అంటే, మా పుట్టుపూర్వోత్తరాలు కంపెనీ ఫైలులో ఉన్నాయి, వాళ్ళవి లేవు. ఎవరి గురించి ముందే విచారించి ఉందో వాళ్ళను తొందరగా పంపడంలో అర్థముంది. కానీ కాంట్రాక్టు కూలీ గురించి విచారించి కార్డు ఇవ్వడానికి ఎవరికీ తీరిక లేకపోవడంలో అర్థం లేదు. విచారణ అందరికీ అందుబాటులో ఉండాలి. దానికి రుసుము పెట్టామంటే నమ్మకం కట్టగలిగినవాళ్ళకే దక్కుతుంది.

నమ్మినవాళ్ళ వల్ల కూడా ప్రమాదం వస్తుంది. 2018 అక్టోబరు 25న అప్పటి ప్రతిపక్ష నేత వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి మీద కోడికత్తితో దాడి జరిగింది విశాఖ విమానాశ్రయంలోనే, అదీ వీఐపీ లాంజ్‌లో. పట్టుబడినవాడు లోపలి రెస్టారెంటులో పనిచేసే కుర్రాడు. బయట క్యూలో చెప్పులరిగేలా నిలబడ్డ జనం వల్ల ఆ రోజు ఏ ప్రమాదమూ రాలేదు.

డబ్బిచ్చి ముందుకెళ్ళడం మన జీవితాల్లో ఇంకిపోయింది. రైల్వేలో తత్కాల్ 1997 నుంచి ఉంది. పాస్‌పోర్టు తత్కాల్‌లో కావాలంటే మామూలు ఫీజు మీద ఇంకో 2,000. తిరుమలలో 300 రూపాయల దర్శనం. సింహాచలంలో చందనోత్సవానికి రకరకాల రేట్లు. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున ఆ కొండ మీద 300 రూపాయల టిక్కెట్టు క్యూ పక్కన కొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు చనిపోయారు. డబ్బు కట్టి నిలబడ్డ వరస అది. వేగం కొనుక్కున్నవాళ్ళకు క్షేమం కూడా దానితోపాటు వస్తుందని మనం అనుకుంటాం. ఆ గోడను గుర్తుంచుకోవాలి.

బెర్తు నాకు ముందు దొరికితే ఆ లాభం నాది. సెక్యూరిటీ చెక్ అలాంటిది కాదు. నా సంచి చూసేది నా పక్క సీట్లో కూర్చునే మనిషి కోసం, ఆయన సంచి చూసేది నా కోసం. అందుకే దాన్ని బెర్తులా అమ్మడం నా మనసుకు ఎక్కదు.

అమెరికాలో ఈ అమ్మకం 2001 సెప్టెంబరు 11 తర్వాత మొదలైంది. ఆ నవంబరులో విమానాశ్రయాల తనిఖీ చూసే ప్రభుత్వ సంస్థ టీఎస్ఏ ఏర్పడింది, క్యూలు పెరిగాయి. 2005లో ఒర్లాండోలో క్లియర్ అనే ప్రైవేటు కంపెనీ చందా కట్టినవాళ్ళకు వేరే దారి తెరిచింది. 2009 జూన్‌లో ఆ దారి ఉన్నట్టుండి మూతపడింది, చందాదారులు మళ్ళీ మామూలు వరసలోకొచ్చారు. మరుసటి ఏడాది వేరే యజమానులు కొని తిరిగి నిలబెట్టారు. ఇప్పుడు చందా ఏడాదికి 200 డాలర్ల పైమాటే. ప్రభుత్వమే నడిపే ప్రీచెక్ 2011లో మొదలై, 2013 డిసెంబరు నుంచి ఐదేళ్ళకు 85 డాలర్లు కట్టి నేరుగా అప్లై చేసుకునేలా అయింది. బూట్లు విప్పక్కర్లేదు, ల్యాప్‌టాప్ తీయక్కర్లేదు అన్నదే దాని ఆకర్షణ. 2025 జూలైలో బూట్లు విప్పే నిబంధనను టీఎస్ఏ అందరికీ తీసేసింది. దాదాపు పన్నెండేళ్ళు డబ్బుకు అమ్మిన సౌకర్యం ఒక్క ఉత్తర్వుతో ఉచితమైంది. మరి ఇన్నాళ్ళూ ఎందుకు అమ్మినట్టు?

మన దేశం ఇప్పటిదాకా వేరే దారిలో నడుస్తోంది. 2024 జూన్ 22న ఢిల్లీలో మొదలైన ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ 2025 జనవరిలో హైదరాబాదుకూ వచ్చింది. పాస్‌పోర్టు వివరాలు పరిశీలించి, వేలిముద్రలు తీసుకుని, ఈ-గేటు గుండా పంపుతారు. భారత పౌరులకు రుసుము లేదు. ముఖం గుర్తుపట్టి గేటు దాటించే డిజియాత్రను 2024 సెప్టెంబరు 6న కేంద్రమంత్రి రామ్మోహన్ నాయుడు విశాఖ విమానాశ్రయం నుంచే తొమ్మిది ఊళ్ళకు ప్రారంభించారు. దానికీ డబ్బు కట్టక్కర్లేదు, ఆధారూ ముఖమూ ఇవ్వాలి. కొన్ని విమానాశ్రయాల్లో తమను సరిగా అడక్కుండానే ముఖం ఫొటో తీశారని ప్రయాణికులు ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదును తేలిగ్గా తీసుకోకూడదు. ఇష్టంలేనివారికి మామూలు ద్వారం ఎప్పటికీ ఉండాలి. అదే ఏడాది అక్టోబరులో శబరిమల యాత్రికులు ఇరుముడిలో కొబ్బరికాయను క్యాబిన్‌లోకి తీసుకెళ్ళడానికి బీసీఏఎస్ ఆ సీజన్ వరకు అనుమతించింది. తనిఖీ మాత్రం మానలేదు, ఎక్స్‌రే తీసి, చేత్తో చూసి పంపారు. అవసరం చూసి, జాగ్రత్త వదలకుండా, డబ్బు అడక్కుండా చేసిన సడలింపు అది. నాకు అన్నిటికంటే నచ్చిన నమూనా అదే.

ఇక మా ఇంటి లెక్క. అమ్మాయి వారం వారం ఉద్యోగం పని మీద విమానం ఎక్కుతుంది. తెల్లవారుజామున పిల్లల్ని వదిలి పరిగెత్తే మనిషికి అరగంట మిగిలినా గొప్పే. అక్కడున్న పద్ధతి అది, తను కట్టుకోవడంలో తప్పు లేదని చెప్పాను. మేము మాత్రం కట్టడం లేదు. గ్లోబల్ ఎంట్రీ 2017 నుంచి భారతీయులకూ ఇస్తున్నారు, ప్రీచెక్ అందులోనే కలిసి వస్తుంది. కానీ పాస్‌పోర్టు సేవా ద్వారా ఇక్కడ విచారణ జరగాలి, అక్కడివాళ్ళ ఇంటర్వ్యూకు హాజరు కావాలి. ఏ రెండేళ్ళకో ఒకసారి వెళ్ళి ఆర్నెల్లు ఉండి వచ్చే మాలాంటి వాళ్ళకు అంత ప్రయాస దండగ. ఐదేళ్ళలో రెండు మూడుసార్లు క్యూలో నిలబడితే పోయేదేమీ లేదు.

మన తెలుగు తల్లిదండ్రులకు ఇంకో మాట కూడా చెప్పాలి. భాష రాదన్న భయంతో, దారి తప్పుతామన్న బెంగతో, నడవగలిగినవాళ్ళు కూడా వీల్‌ఛైర్ అడుగుతున్నారు. ఆ భయం నాకు తెలుసు, మా ఆవిడ మొదటిసారి రాత్రంతా నిద్రపోలేదు. కానీ కుర్చీలు లెక్కకు ఉంటాయి. నిజంగా నడవలేనివారు విమానం తలుపు దగ్గర మన వల్ల ఎదురుచూడకూడదు. దారి చూపించే మనిషి కావాలంటే ఆ సాయమే అడగండి.

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో వస్తున్న కొత్త విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. తొలి దశలోనే ఏడాదికి 60 లక్షల మందికి సరిపోయేలా అనుకున్నది. నిర్వాహకులకూ, అనుమతులిచ్చే అధికారులకూ నా విన్నపం ఇది. లాంజ్ అమ్మండి, కారు పార్కింగ్ అమ్మండి, కాఫీ ఎంతకైనా అమ్మండి. సెక్యూరిటీ చెక్ దగ్గర మాత్రం డబ్బు కట్టినవాళ్ళ గేటు పెట్టకండి. ఆ డబ్బుతో చేయాలనుకున్నదేదో, టిక్కెట్టు మీద ఇప్పటికే తీసుకున్న ఫీజుతో చేయండి. ఇంకో రెండు ఎక్స్‌రే మిషన్లు, ఇంకో పదిమంది జవాన్లు, ముసలివాళ్ళకూ చంటిపిల్లల తల్లులకూ ఉచితంగా ఒక వరస. పొద్దుటి రద్దీలో అన్ని మిషన్లూ తెరిచి ఉంచితే, ముందుకు పంపమని డబ్బు పట్టుకుని అడిగేవాళ్ళే ఉండరు.