సిరామిక్ కోటింగ్ ఒక్క రోజులో గట్టిపడదు: కారు చేతికొచ్చాక మొదటి నెలలో ఏం జరుగుతుంది?

కారుకు సిరామిక్ కోటింగ్ వేయించుకుని షాపు నుంచి బయటకు తెచ్చేటప్పుడు అది అద్దంలా మెరుస్తుంది. నీళ్లు చల్లితే ముత్యాల్లా జారిపోతాయి. అది చూస్తే ఎవరైనా పని పూర్తయిందనే అనుకుంటారు. నిజానికి ఆ సమయానికి కోటింగ్ పైన ఆరి ఉంటుందే తప్ప లోపల గట్టిపడటం ఇంకా సాగుతూనే ఉంటుంది. సాధారణంగా దీనికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వేలల్లో ఖర్చు పెట్టి వేయించుకున్న కోటింగ్ ఏళ్లపాటు నిలుస్తుందా, ఆరు నెలల్లోనే మరకలు పట్టి పోతుందా అనేది చాలావరకు మొదటి వారంలోనే తేలిపోతుంది.

సీసాలో ఉండేది ఏంటి?

సిరామిక్ అనగానే పింగాణీ గుర్తుకొస్తుంది. కానీ షాపులో వాడే చిన్న సీసాలో పింగాణీ ఉండదు. అందులో ఉండేది సిలికాన్ రసాయనాల ద్రవం. వీటిలో ముఖ్యంగా రెండు రకాలు ఉన్నాయి. ఒకటి సిలేన్లు, సిలాక్సేన్ల రకం. రెండోది పాలీసిలజేన్ రకం. ఈ రసాయనాలను త్వరగా ఆవిరయ్యే ద్రావకంలో కలిపి సీసాలో నింపుతారు.

ఒక సీసాలో 30 లేదా 50 మిల్లీలీటర్లు ఉంటుంది. చిన్న లెక్క వేస్తే విషయం అర్థమవుతుంది. కారు బాడీ వైశాల్యం 10 చదరపు మీటర్లు అనుకుందాం. దానిమీద 30 మిల్లీలీటర్ల ద్రవాన్ని సమానంగా పరిస్తే వచ్చే పొర మందం 3 మైక్రాన్లు మాత్రమే. అందులో ద్రావకం ఆవిరైపోతుంది, కొంత తుడిచే గుడ్డకు అంటుకుంటుంది. చివరికి మిగిలేది ఒక మైక్రాను అటూ ఇటూ. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కారు పెయింట్ మీద కంపెనీ వేసే క్లియర్ కోట్ సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది. అంటే కోటింగ్ అనేది పెయింట్ మీద కట్టిన గోడ కాదు, చాలా పల్చని పొర. అందుకే అది సరిగ్గా గట్టిపడటం అంత ముఖ్యం.

గట్టిపరిచేది గాలిలోని తేమ

పెయింట్ ఆరడం అంటే అందులోని తడి పోవడం అని మనకు తెలుసు. సిరామిక్ కోటింగ్ విషయంలో మాత్రం తడి పోవడం మొదటి మెట్టు మాత్రమే. తర్వాతి పని చేసేది గాలిలోని తేమ.

సిలేన్ రకంలో నీటి అణువులు రసాయనంతో కలిసినప్పుడు ఆల్కహాల్ బయటకు పోతుంది. మిగిలిన భాగాలు ఒకదానితో ఒకటి చేయి కలుపుకుని సిలికాన్, ఆక్సిజన్ గొలుసులుగా మారతాయి. పాలీసిలజేన్ రకంలో తేమ తగలగానే నైట్రోజన్ స్థానంలోకి ఆక్సిజన్ వస్తుంది, అమోనియా వాయువు వెలువడుతుంది. కొన్ని కోటింగ్‌లు వేసేటప్పుడు ఘాటు వాసన రావడానికి ఇదీ ఒక కారణం. రెండు రకాల్లోనూ చివరికి తయారయ్యేది గాజును పోలిన అల్లిక. అదే అల్లిక క్లియర్ కోట్‌ను కూడా పట్టుకుంటుంది.

ఈ విద్య కొత్తదేమీ కాదు. ఫ్రాన్స్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త ఎబెల్మన్ 1840లలోనే ఈ సంగతి గమనించాడు. సిలికా నుంచి చేసిన ఒక ద్రవాన్ని తేమగాలిలో ఉంచితే అది మెల్లగా పారదర్శకమైన గాజులా గట్టిపడుతుందని చెప్పాడు. పాలీసిలజేన్ రకాన్ని సెమీకండక్టర్ చిప్‌ల తయారీలో కూడా వాడతారు. అక్కడ వందల డిగ్రీల వేడిలో దాన్ని సిలికాగా మారుస్తారు. కారును అలా కొలిమిలో పెట్టలేం కదా. అందుకే మామూలు గది వేడిలో, గాలిలోని తేమతో ఆ పని మెల్లగా జరగాల్సి వస్తుంది. ఆలస్యానికి అసలు కారణం ఇదే.

సీసా మూత ఒకసారి తీస్తే మిగిలిన ద్రవం పాడైపోవడం కూడా ఇందువల్లే. లోపలికి వెళ్లిన తేమతో అది సీసాలోనే గట్టిపడటం మొదలుపెడుతుంది. మూత చుట్టూ తెల్లటి పలుకులు కనిపిస్తే అది వాడదగింది కాదు. కారు ముందే సీల్ తీయించుకోవడం మంచిది అనేది ఇందుకే.

గంటలు, రోజులు, వారాలు

మొదటి కొన్ని నిమిషాలు: కోటింగ్ పూయగానే ద్రావకం ఆవిరవుతుంది. పూసిన చోట ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి. సరిగ్గా ఆ సమయంలోనే మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి సమం చేయాలి. తొందరపడితే కోటింగ్ గుడ్డకే పోతుంది. ఆలస్యమైతే మందంగా మిగిలిన చోట నల్లటి మచ్చలా గట్టిపడుతుంది. తర్వాత అది తుడిస్తే పోదు, పాలిష్ కొట్టాల్సిందే.

మొదటి కొన్ని గంటలు: వేలు పెడితే అంటుకోదు. రెండో కోటు వేయాలంటే కంపెనీ చెప్పిన వ్యవధిలోనే వేయాలి. బాగా ఆలస్యం చేస్తే మొదటి పొర నున్నగా మారి రెండో పొరను పట్టుకోదు.

మొదటి 24 గంటలు: ఇది చాలా కీలకం. నీటి చుక్క పడకూడదు. మంచు కూడా కురవకూడదు. కారు షెడ్డులోనే ఉండాలి.

మొదటి 7 రోజులు: వాన పడితే పెద్ద నష్టం లేకపోవచ్చు, కానీ ఆ నీళ్లు కారుమీదే ఎండిపోకూడదు. షాంపూ, వాటర్ సర్వీసింగ్ వద్దు.

రెండు నుంచి నాలుగు వారాలు: అల్లిక మెల్లగా బిగుస్తుంది. రసాయనాలను తట్టుకునే శక్తి పూర్తిగా వచ్చేది అప్పుడే. కంపెనీని బట్టి ఈ రోజుల లెక్క మారుతుంది. అందుకే సీసాతో వచ్చే సూచనల కాగితం అడిగి చూడాలి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. నీళ్లు ముత్యాల్లా జారడం కోటింగ్ గట్టిపడిందనడానికి గుర్తు కాదు. పై ఉపరితలం నీటిని అంటనివ్వడం లేదని మాత్రమే దానర్థం. మైనం పాలిష్ కొట్టినా నీళ్లు అలాగే జారతాయి.

ఎండాకాలం, వానాకాలం

చాలా కోటింగ్‌లకు 15 నుంచి 25 డిగ్రీల వేడి, మధ్యస్థంగా తేమ ఉన్న గది అనుకూలం. మన దగ్గర అలాంటి రోజులు తక్కువ. మే నెలలో హైదరాబాద్‌లో 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి ద్రావకం క్షణాల్లో ఆవిరైపోయి తుడవడానికి సమయం దొరకదు. జూలై, ఆగస్టుల్లో గాలి నిండా తేమే. విజయవాడ, విశాఖపట్నం లాంటి చోట్ల ఉక్కపోత ఇంకా ఎక్కువ. తేమ మరీ ఎక్కువైతే పై పొర ముందే బిగుసుకుని మచ్చలు మిగులుతాయి. చలికాలం పొడిగాలిలో అయితే గట్టిపడటం నెమ్మదిస్తుంది.

కాబట్టి తలుపులున్న, ఏసీ ఉన్న గదిలో వేస్తున్నారా, రోడ్డు పక్కన రేకుల షెడ్డులో వేస్తున్నారా అనేది ముందే చూసుకోవాలి. రెండింటికీ బిల్లు ఒకేలా ఉండొచ్చు కానీ ఫలితం ఒకేలా ఉండదు.

కొన్ని షాపుల్లో ఇన్‌ఫ్రారెడ్ ల్యాంపులు వాడతారు. ఒక్కో భాగాన్ని కొన్ని నిమిషాలపాటు వేడిచేస్తే రసాయన చర్య వేగం పుంజుకుంటుంది. మొదటి రోజు ప్రమాదం తగ్గుతుంది. అయితే ద్రావకం పూర్తిగా పోకముందే ల్యాంపు పెడితే అది లోపలే చిక్కుకుని పొర మసకబారుతుంది. ల్యాంపు పెట్టారు కదా అని అదే సాయంత్రం కారు కడిగేయొచ్చు అనుకోవద్దు.

బాడీ షాపులో కొత్తగా పెయింట్ వేయించిన కారుకు ఇంకో జాగ్రత్త కావాలి. ఫ్యాక్టరీలో పెయింట్‌ను ఓవెన్‌లో కాల్చి ఆరబెడతారు. బయట వేసిన పెయింట్‌లోని ద్రావకం వారాలపాటు బయటకు వస్తూనే ఉంటుంది. దానిపై వెంటనే కోటింగ్ వేసి మూసేయకూడదు. ఎన్ని రోజులు ఆగాలో పెయింట్ వేసినవాళ్లనే అడగాలి.

9హెచ్ అంటే గీతలు పడవని కాదు

దాదాపు ప్రతి ప్రకటనలోనూ 9హెచ్ గట్టితనం అని రాసి ఉంటుంది. ఇది పెన్సిల్ పరీక్షకు సంబంధించిన మాట. మెత్తటి పెన్సిళ్ల నుంచి గట్టి పెన్సిళ్ల వరకు ఒక్కోదాన్ని 45 డిగ్రీల వాలులో పెట్టి పొరమీద నెడతారు. ఏ పెన్సిల్ వరకు గీత పడలేదో అదే దాని స్థాయి. పెన్సిళ్ల వరుసలో 9హెచ్ అన్నిటికన్నా గట్టిది.

వజ్రానికి 10 ఇచ్చే మోస్ కొలత దీనికి పూర్తిగా వేరు. ఆ కొలతలో ఇసుకలోని క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటుంది. మామూలు గాజు సుమారు 5.5. అంటే ఇసుక రేణువు గాజునే గీస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నదంతా గ్రానైట్ నేల. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది, రోడ్డు దుమ్ములోనూ అదే ఉంటుంది. దుమ్ముమీద పొడిగుడ్డతో రుద్దితే ఏ కోటింగ్‌కైనా గీతలు పడతాయి. పూర్తిగా గట్టిపడని కోటింగ్‌కు ఇంకా తొందరగా పడతాయి.

మొదటి వారం పాటించాల్సినవి

కారును నీడలో, వాన పడని చోట నిలపాలి. చెట్ల కింద వద్దు. పక్షుల రెట్ట, చెట్ల జిగురు తాజా కోటింగ్‌ను తింటాయి. రెట్ట పడితే వారం ఆగకూడదు. శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డను తడిపి దానిమీద కాసేపు ఉంచి, నానాక రుద్దకుండా ఎత్తేయాలి.

వాన పడితే ఇంటికి రాగానే మెత్తటి గుడ్డతో అద్ది నీళ్లు తీసేయాలి. బోరు నీళ్లు అసలు తగలనివ్వొద్దు. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. చుక్క ఎండిపోయాక మిగిలే తెల్లటి వలయం అవే. గట్టిపడని పొరలో ఆ వలయం ముద్రలా పడిపోతే కోటింగ్‌తో సహా పాలిష్ చేసి తీయాల్సి రావొచ్చు. పొద్దున్నే బకెట్ నీళ్లతో కారు తుడిచే అబ్బాయికి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు ఈ సంగతి ముందే చెప్పాలి. ఎక్కువ కార్లు పాడయ్యేది అక్కడే.

పెళ్లిళ్ల సీజన్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. బారాత్ కోసం కారు మెరవాలని రెండు రోజుల ముందు కోటింగ్ వేయిస్తారు. తర్వాత అదే బానెట్‌మీద టేపుతో పూలదండలు అతికిస్తారు. టేపు జిగురు, తడి పూలు తాజా పొరకు మంచివి కావు. పెళ్లికి కనీసం నెల ముందు వేయించుకోవాలి, లేదంటే పెళ్లి అయ్యాకే వేయించుకోవాలి.

బిల్లు, వారంటీ

చాలా వారంటీ కాగితాల్లో మూడేళ్లు, ఐదేళ్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నీటి మరకలు, గీతలు, పక్షుల రెట్ట వల్ల జరిగిన నష్టం వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆరు నెలలకోసారి లేదా ఏడాదికోసారి అదే షాపులో డబ్బులిచ్చి మెయింటెనెన్స్ చేయించుకోవాలనే షరతు కూడా ఉండొచ్చు. కొనేముందే ఆ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోవాలి.

షాపువాళ్లను నాలుగు ప్రశ్నలు అడగాలి. ఏ ఉత్పత్తి వాడుతున్నారు? ఎన్ని కోట్లు వేస్తారు? వేశాక కారు ఎన్ని గంటలు లోపలే ఉంచుతారు? మొదటిసారి ఎప్పుడు కడగాలి? జవాబులు బిల్లుమీద లేదా జాబ్ కార్డుమీద రాయించుకోవాలి. పొద్దున కారు ఇస్తే సాయంత్రానికి మొత్తం చేసి ఇచ్చేస్తామంటే ఆలోచించాల్సిందే. కడగడం, పాలిష్, కోటింగ్, ఆరబెట్టడం అన్నీ కలిపితే సాధారణంగా రెండు మూడు రోజుల పని.

ఈ సేవపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది. పన్ను మిగులుతుందని బిల్లు వద్దంటే రేపు ఫిర్యాదు చేయడానికి చేతిలో ఆధారం ఉండదు. సేవలో లోపం ఉంటే 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పొచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కు కూడా వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు.

పని చేసే కుర్రాళ్ల సంగతి

కోటింగ్ వేసేవాళ్లు రోజూ ఆ ద్రావకాల ఆవిరిని పీలుస్తారు. తేమ తగిలితే గట్టిపడే ఈ రసాయనం చర్మాన్నీ, కళ్లనూ మంట పెట్టగలదు. గ్లవ్స్, కళ్లద్దాలు, రసాయన ఆవిరిని ఆపే ఫిల్టర్ ఉన్న మాస్క్ తప్పనిసరి. ముఖానికి కట్టుకునే దస్తీ గానీ, సర్జికల్ మాస్క్ గానీ ఆవిరిని ఆపదు. తలుపులు మూసిన గదిలో గాలి బయటకు లాగే ఫ్యాన్ ఉండాలి. కుర్రాళ్లకు ఇవన్నీ ఇచ్చే షాపు సీసామీద రాసిన సూచనలు చదివే షాపు అయి ఉంటుంది. కారు ఎవరికి అప్పగించాలో తేల్చుకోవడానికి ఇది కూడా ఒక గుర్తు.

కోటింగ్ వేయడం షాపు పని. అది గట్టిపడే వరకు కాపాడటం కారు యజమాని పని. నెల తర్వాత మొదటిసారి షాంపూతో కడిగినప్పుడు మచ్చ లేకుండా వస్తే పెట్టిన డబ్బు వృథా కానట్టే.