చంద్రగిరి రాజమహలు

తిరుపతికి పడమటగా పది పన్నెండు కిలోమీటర్ల దూరమున, స్వర్ణముఖీనది కుడిగట్టున చంద్రగిరి యున్నది. ఏడుకొండలవాని దర్శించి మరలువారిలో పెక్కుమంది ఆ వైపునకు తొంగియైన చూడరు. కాని ఆంధ్రుల చరిత్రలో ఆ యూరికి గల పాలు స్వల్పము కాదు.

ఆ కోటకు సుమారు వేయి సంవత్సరముల క్రిందట యాదవరాజులు పునాది వేసిరని ప్రతీతి. సాళువ నరసింహరాయలు ఇచ్చట బలము కూర్చుకొనియే 1485 ప్రాంతమున విజయనగర సింహాసన మెక్కెను. కృష్ణదేవరాయల తమ్ముడగు అచ్యుతరాయలు ఇచ్చటనే నిర్బంధమున నుండి, 1529లో పట్టాభిషిక్తుడయ్యెను. ఒకే కోట యొకనికి మెట్టు, మరియొకనికి చెర.

1565లో రాక్షసితంగడి యుద్ధానంతరము అరవీటి ప్రభువులు రాజధానిని పెనుగొండకును, పిదప చంద్రగిరికిని మార్చిరి. వేంకటపతిరాయల కొలువునకు 1598 మొదలు జెసూట్ మతగురువులు వచ్చిరి. 1580 మొదలు 1640 వరకు పోర్చుగల్లు స్పెయిను రాజుల యేలుబడిలో నుండుటచే, రాయలకును స్పెయిను రాజునకును లేఖలు నడచెను.

రాజమహలు మూడంతస్తుల భవనము. రాయి, ఇటుక, సున్నము తప్ప కలప వాడక కట్టినది. కమానుల వరుసలు మహమ్మదీయ శిల్పరీతిని, పైనున్న శిఖరములు మన గోపురములను తలపించును. చెంతనే రెండంతస్తుల రాణీమహలు కలదు. నేడు రాజమహలున పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల యున్నది. సభ తీరిన చోట శిలావిగ్రహములు కొలువు దీరినవి.

1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు సముద్రతీరమున కొంత నేలను ఈస్టిండియా కంపెనీవారికి వ్రాసియిచ్చెను. అదియే చెన్నపట్టణమునకు మూలము. 1645లో శ్రీరంగరాయలు దానిని స్థిరపరచెను. అది యీ మహలులోనే జరిగినదని జనులు చెప్పుకొందురు. మరుసటియేడే చంద్రగిరి గోలకొండవారి వశమయ్యెను. 1782లో హైదరాలీకి లొంగి, 1792 సంధి వరకు మైసూరువారి చేత నుండెను. దస్తావేజున నాలుగు చెరగుల హద్దులు వ్రాయవచ్చును గాని, దాని ఫలితమునకు హద్దు వ్రాయగలవా డెవ్వడు? నేల యిచ్చినవారి రాజ్యము పోయెను. పుచ్చుకొన్న వర్తకులు దేశమునే యేలిరి.

రాళ్లు తమంతట తాము మాటలాడవు. చరిత్ర యెరుగనివానికి అవి రాళ్లే; అట్టివాడే వానిపై తన పేరు చెక్కి మరలును. గ్రంథాలయమున నొక పూట చదివి పోయినవానికి ప్రతి కమానును కథ చెప్పును. మన యూరి పిల్లలను తిరుపతికి తీసికొనిపోవు పెద్దలు ఒక పూట చంద్రగిరికిని కేటాయింతురు గాక!