జాలరుల పాటలకు స్వరలిపి

విశాఖ రేవు నుంచి బతుకుతెరువు కోసం క్రొయేషియా చేరిన తెలుగువారికి ఆ దేశపు పాత పుస్తకాలన్నిటిలోకీ ఇట్టే దగ్గరయ్యేది 1568లో వెనిస్‌లో అచ్చయిన ఒక చిన్న కావ్యం. హ్వార్ ద్వీపంలోని స్తారి గ్రాద్‌కు చెందిన సంపన్న కవి పెటార్ హెక్తొరొవిచ్ ఇద్దరు జాలరులతో, అంటే పాస్కోయె, నికోలాలతో, మూడు రోజులు సముద్రం మీద తిరిగిన వృత్తాంతం అందులోని వస్తువు. జాలరుల పేర్లు చెప్పడానికి ఆయన నామోషీ పడలేదు. వారు పాడిన పాటలను కావ్యంలో చేర్చడమే కాక, రెండింటి బాణీలను స్వరలిపిలో, అంటే స్వరాల హెచ్చుతగ్గులను గుర్తులతో చూపే రాతలో, అచ్చువేయించాడు. వాటిలో ఒకటి ‘బుగర్శ్చిత్సా’, అనగా దీర్ఘమైన పాదాలతో వీరుల కథ చెప్పే గేయం. మన జంగం కథకు దూరపు చుట్టమనవచ్చు. క్రొయేషియా జానపద బాణీలకు దొరికే తొలి లిఖిత సాక్ష్యాలలో ఇవి ముఖ్యమైనవి.

ఆ తర్వాత మూడు శతాబ్దాలకు, ఆస్ట్రియా-హంగేరీ ఏలుబడిలో జాతీయ భావం బలపడిన రోజుల్లో, ఓసియెక్‌లో జర్మన్ మూలాల ‘కోఖ్’ కుటుంబంలో పుట్టి ఇంటిపేరునే మార్చుకున్న ఫ్రాన్యో కుహాచ్ (1834–1911) ఊరూరా తిరిగి పాటలు సేకరించి, 1878–81 మధ్య 1600 పాటలను నాలుగు సంపుటాలుగా జాగ్రెబ్‌లో వెలువరించాడు. అయితే పాటలకు పియానో సహకారాన్ని కూడా ఆయనే సమకూర్చాడు. పుస్తకం కొనేది పట్టణాలవారు గనుక అది అర్థం చేసుకోదగినదే. కానీ పొలంగట్టు మీద రెండు స్వరాల మధ్య జారే గొంతు పియానో మెట్లలో ఎలా ఇముడుతుంది?

ఇంచుమించు అదే కాలంలో, 1874లో, జె. ఎ. బాయిల్ ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో తెలుగు కథాగేయాలను పరిచయం చేస్తూ వ్యాసం ప్రకటించాడు. సర్వాయి పాపడి పాట వాటిలో ఒకటి. అంతకు ముందే సి. పి. బ్రౌన్ ఇటువంటి గేయాల వ్రాతప్రతులు పోగుచేశాడు. 1956 నాటికి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు పరిశోధనతో జానపద గేయం విద్యావిషయమైంది. కానీ ఈ కృషి ప్రధానంగా సాహిత్యం వైపే సాగింది. 1757 నాటి బొబ్బిలి యుద్ధకథలో మాట పుస్తకానికెక్కింది, గుమ్మెట మీద నడిచిన బాణీ కథకుల నోటనే మిగిలింది. రేడియోలో, వేదికల మీద వింజమూరి అనసూయ, సీత సోదరీమణులు పాడాకే పల్లెపాట బాణీ చదువుకున్న ఇళ్లలో విరివిగా వినిపించింది; అయితే అనసూయ స్వయంగా హార్మోనియం విద్వాంసురాలు గనుక, కుహాచ్ పియానో గురించి మనం వేసిన ప్రశ్ననే ఆ హార్మోనియం గురించీ వేయవలసి వస్తుంది.