విద్యుత్తును నాదమును

ఇంటికి వచ్చు విద్యుత్తు శుద్ధముగా లేనిచో యంత్రమునుండి వినవచ్చు పాట చెడునా? సంగీత యంత్రములపై మక్కువ గలవారి నడుమ ఈ ప్రశ్న నేటికిని వాదమునకు కారణమగుచున్నది. కొందరు విద్యుత్తును శుద్ధిచేయు పరికరములకును, లావైన తీగలకును వేలకొలది రూపాయలు వెచ్చించుచున్నారు. మరికొందరు అదంతయు భ్రమ యని నవ్వుచున్నారు. తీర్పు చెప్పుటకు ముందు, విద్యుత్తు ఏయే దారుల నాదములో చొరబడినదో చరిత్రను అడిగి చూతము.

1920 తరువాత ఇండ్లలోనికి వచ్చిన తొలి రేడియోలు బ్యాటరీలతో పనిచేసెడివి. వాల్వులోని తంతువును కాచుటకు ఆమ్లపు బ్యాటరీ యొకటి, అధిక వోల్టేజి నిచ్చుటకు పొడి బ్యాటరీ యొకటి ఉండెడివి. బ్యాటరీ విద్యుత్తు ఒకే దిక్కున నెమ్మదిగా పారును. కాని దానిని మాటిమాటికి మోసికొనిపోయి నింపించుట గొప్ప శ్రమ. ఇంటి విద్యుత్తునే వాడుకొనరాదా యన్న కోరిక అందుండి పుట్టినది. అయితే సాధారణముగా ఇంటికి వచ్చునది ఏకాంతర విద్యుత్తు. సెకనునకు 50 లేక 60 మారులు ముందునకును వెనుకకును ఊగునది. దానిని నేరుగా తంతువున కిచ్చినచో ఆ ఊపు పాటతో కలసి తుమ్మెద రొదవలె వినవచ్చెడిది.

1925లో కెనడాలోని టొరాంటో నగరమున ఎడ్వర్డు రోజర్సు బ్యాటరీ లేని రేడియోను ప్రదర్శించెను. 1927లో అమెరికాలో 227 అను వాల్వు వెలువడెను. దీనిలో ఎలక్ట్రానులను వెలువరించు భాగము వేరు, దానిని కాచు తంతువు వేరు. మంట రెపరెపలాడినను మందపు పెనము వేడిని నిలుపుకొనునట్లు, ఆ భాగమును సమానమైన వేడితో నుండెను. అధిక వోల్టేజిలోని అలలను కండెన్సర్లును తీగచుట్టలును చదును చేసెను. ఈ విధముగా మొదటి దారి చాలవరకు మూతపడినది.

రెండవ దారి వేగము. 1935లో అమెరికాలో లారెన్సు హామండు తన విద్యుత్ ఆర్గనును అమ్మకమునకు తెచ్చెను. గడియారములు చేసిన అనుభవముతో ఆయన అందులో 91 పళ్లచక్రములను, విద్యుత్తు ఊపుతో అడుగు కలుపు మోటారుచే త్రిప్పించెను. వోల్టేజి కొంత తగ్గినను దీని శ్రుతి మారదు. ఊపుల సంఖ్య మారినచో మాత్రము తప్పక మారును. 60 ఊపులకు చేసిన వాద్యమును 50 ఊపుల విద్యుత్తుతో త్రిప్పగలిగినచో, పాత షడ్జము క్రొత్త షడ్జమునకు సాధారణ గాంధారమగునంతగా శ్రుతి దిగిపోవును. నూటి కొకవంతు భేదమే వచ్చినచో అర్ధస్వరములో ఆరవవంతు దిగును. తంబుర ప్రక్కనున్నచో చెవి పట్టగలదు.

గ్రామఫోను పలకలదియు ఇదే కథ. ఇట్టి మోటారులతో 78 చుట్ల పలక, 60 ఊపుల దేశములలో నిమిషమునకు 78.26 చుట్లును, 50 ఊపుల దేశములలో 77.92 చుట్లును తిరిగెడిది. 1970 దశకమున స్ఫటికపు లెక్కతో నడచు మోటారులు వచ్చి, వానిని వాడిన యంత్రములలో ఈ బంధమును తెంచినవి.

ఈ చరిత్ర చెప్పు నీతి యేమి? విద్యుత్తు నాదమును మార్చినప్పుడెల్ల దానికొక దారి యుండెను. ఆ దారిని కొలిచి చూపిరి, పిమ్మట మూసిరి. నేటి మంచి యంత్రము వచ్చిన విద్యుత్తును లోపల ఏకముఖముగా మార్చి, వడగట్టి, వోల్టేజిని నిలకడపరచి వాడుకొనును. అయినను దారులన్నియు మూతపడలేదు. రెండు యంత్రముల భూమి తీగలు వలయముగా కలసినప్పుడు రొద పుట్టును. చవుక పరికరముల అలజడి సరిగా వడగట్టని యంత్రములో చొరబడును. వోల్టేజి మిక్కిలి పడిపోయినచో గట్టి స్వరము చీలును. అట్టి చోట మరమ్మతు అవసరమే.

రొద లేక, వేగము మారక, వోల్టేజి నిలకడగా నున్నచోట మాత్రము, తీగ మార్చిన పాట తియ్యనైనదని చెప్పువారు దారిని చూపవలెను. చూపలేనిచో, ఏ తీగ ఎప్పుడు తగిలించితిరో వినువారికిని తగిలించువారికిని తెలియనీయక పలుమారులు పరీక్షింపవలెను. విలువ తెలిసిన వస్తువును మెచ్చుకొనుట మనస్సునకు సహజము. చెవి ఆ మనస్సునకు లోబడినదే. పరీక్షకు నిలిచినచో డబ్బు పెట్టవచ్చును. నిలువనిచో ఆ డబ్బుతో నాలుగు మంచి కచేరీలు వినుట మేలు.