బోర్న్‌విల్ పెరళ్లు, సావో టోమే తోటలు

1879లో కాడ్‌బరీ సోదరులు రిచర్డ్, జార్జ్ తమ చాక్లెట్ ఫ్యాక్టరీని బర్మింగ్‌హామ్ ఇరుకులోంచి ఊరి బయటి పచ్చిక నేలకు తరలించి, ఆ చోటికి బోర్న్‌విల్ అని పేరు పెట్టారు. 1890ల్లో జార్జ్ పక్కనే 120 ఎకరాలు కొని, ఇంటింటికీ పెరడు ఉండేలా ఊరు కట్టించడం మొదలుపెట్టాడు. 1900లో దాన్ని ఒక ట్రస్టుకు రాసిచ్చేశాడు. కాడ్‌బరీలు మద్యాన్ని వ్యతిరేకించే క్వేకర్ క్రైస్తవ శాఖవారు కాబట్టి అందులో మద్యం దుకాణానికి చోటివ్వలేదు. కంపెనీల సామాజిక బాధ్యతకు నేటికీ ఈ ఊరినే ఉదాహరణగా చూపుతారు. చూపడం న్యాయమే. కానీ ఆ కంపెనీ బాధ్యతను తూచాల్సింది అక్కడ కాదు, కోకో గింజ పండిన చోట.

ఆ రోజుల్లో కాడ్‌బరీ కొన్న గింజలో సగానికి పైగా పశ్చిమాఫ్రికా తీరంలోని పోర్చుగీసు దీవి సావో టోమే నుంచి వచ్చేది. కాగితం మీద బానిసత్వం 1870ల్లోనే రద్దయింది. అంగోలా నుంచి తోలుకొచ్చినవాళ్ల పేరిట అయిదేళ్ల ఒప్పందం రాసేవారు, గడువు తీరగానే పొడిగించేవారు. ఇల్లు చేరినవాళ్లు దాదాపు లేరు. గంజాం, విశాఖ జిల్లాల నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్లిన మన కూలీలదీ అయిదేళ్ల ఒప్పందమే. ఆ పద్ధతిని ఎంత దుయ్యబట్టినా, తిరుగు ఓడ ఎక్కినవాళ్లు అందులో వేలల్లో ఉన్నారు. 1901లో సావో టోమేలో అమ్మకానికొచ్చిన ఒక తోట ఆస్తుల జాబితాలో కూలీలకూ వెల కట్టి ఉన్న సంగతి రిచర్డ్ కొడుకు విలియం కాడ్‌బరీకి తెలిసింది. ఆయన 1903లో పోర్చుగల్ రాజధాని లిస్బన్ వెళ్లి దాని గురించి అడిగాడు, 1905లో జోసెఫ్ బర్ట్ అనే ఆయనను విచారణకు పంపాడు, 1908లో తానే ఆఫ్రికా వెళ్లాడు. కొనడం ఆపింది మాత్రం 1909 మార్చిలో.

రుజువు లేకుండా నింద వేయకూడదు గదా, పైగా తొందరపడవద్దని బ్రిటిష్ విదేశాంగ శాఖే చెప్పింది గదా అని కంపెనీ పక్షాన వాదించవచ్చు. కొనేవాడిగా ఉంటేనే మాట చెల్లుతుందన్న వాదనలోనూ కొంత నిజముంది. వీళ్లు మానేసిన గింజను వేరేవాళ్లు కొన్నారు. అయితే ఆ పలుకుబడితో ఎనిమిదేళ్లలో ఎంతమందిని ఇంటికి పంపించగలిగారు? అన్నేళ్లూ గింజ మాత్రం ఆగకుండా వచ్చింది. జార్జ్ చేతిలోని డైలీ న్యూస్ పత్రికేమో దక్షిణాఫ్రికా గనుల్లోని చైనా కూలీల గోడు గురించి ధాటిగా రాసింది! ఈ తేడానే స్టాండర్డ్ పత్రిక 1908లో ఎత్తిపొడిస్తే, కాడ్‌బరీలు పరువునష్టం దావా వేశారు. ఆ కోకో పండించడంలో ఎందరు చనిపోయి ఉంటారో ఎప్పుడైనా లెక్క వేశారా అని పత్రిక తరఫు న్యాయవాది కార్సన్ అడిగితే, విలియం లేదన్నాడు. 1909 డిసెంబరులో జ్యూరీ కాడ్‌బరీలనే గెలిపించి, పరిహారంగా ఒక ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు, ఇప్పించింది. ఇంతకంటే సరైన తూకం నాకు కనిపించదు.

మన 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్, పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు వెచ్చించాలంటుంది. ఆ లాభం ఎవరి కూలిలోంచి వచ్చిందో ఆ సెక్షన్ అడగదు. దానికి కార్మిక చట్టాలు వేరే ఉన్నాయని అనవచ్చు. సావో టోమేలోనూ చట్టం ఉండేది, దాని ప్రకారం ఆ ఒప్పందాలన్నీ చెల్లేవే.