రిమోట్ సెన్సింగ్ బోధన: స్టీరియోస్కోపు బల్ల నుంచి ఆన్‌లైన్ కోర్సు దాకా

1. ఉపోద్ఘాతం

ఒక వస్తువును తాకకుండా, దాని నుంచి పరావర్తనమయ్యే లేదా వెలువడే కిరణాలను నమోదు చేసి దాన్ని గురించి తెలుసుకోవడమే రిమోట్ సెన్సింగ్. ఈ విద్యను మన దేశంలో ఎలా నేర్పుతూ వచ్చారో, ఆ బోధన తరగతి గది దాటి ఆన్‌లైన్‌కు ఎలా చేరిందో ఈ పాఠంలో పరిశీలిద్దాం. దూరవిద్య విద్యార్థులుగా మీకు ఈ చరిత్రతో నేరుగా సంబంధం ఉంది. గురువు పక్కన కూర్చుని కంటితో, చేతితో నేర్చుకున్న విద్యను ఇంటి దగ్గర నేర్చుకోవడం సాధ్యమేనా? సాధ్యమైతే ఆ కోర్సు ఎలా ఉండాలి? ఈ రెండు ప్రశ్నలను మనసులో పెట్టుకుని చదవండి.

2. బల్ల దగ్గర సాగిన చదువు

విమానం నుంచి తీసిన ఫోటోలను చదవడం నేర్పేందుకు నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరంలో 1950లో ఐటీసీ అనే సంస్థ ఏర్పడింది. దాని వ్యవస్థాపకుడు, ఆ దేశ మాజీ ప్రధాని విల్లెమ్ స్కెర్మర్‌హార్న్ స్వయంగా సర్వే శాస్త్రవేత్త. ఆ సంస్థ సహకారంతోనే 1966లో డెహ్రాడూన్‌లో, సర్వే ఆఫ్ ఇండియా ఆధ్వర్యంలో ఇండియన్ ఫోటో ఇంటర్‌ప్రెటేషన్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమైంది.

అప్పటి బోధనకు ప్రధాన సాధనం స్టీరియోస్కోపు. ఒకే నేలను సుమారు 60 శాతం మేర కలిపి చూపే రెండు ఫోటోలను దాని కింద పెడితే గుట్టలు పైకి లేచినట్టు, వాగులు లోతుగా కనిపిస్తాయి. గురువు పెన్సిల్ మొనతో ఒక చోటు చూపి, ఇది మామిడి తోట అని ఎలా చెప్పగలవు అని అడిగేవారు. చెట్ల మధ్య దూరం, నీడ, వరుసల తీరు చూసి విద్యార్థి జవాబు చెప్పాలి. తరవాత క్షేత్రానికి వెళ్లి అది నిజమో కాదో తేల్చుకోవాలి. చూడటం, ఊహించడం, వెళ్లి సరిచూడటం అనే ఈ మూడు మెట్లే ఆ విద్యకు పునాది.

అయితే ఆ అవకాశం కొద్దిమందికే దక్కింది. శిక్షణ పొందినవారిలో ఎక్కువమంది ప్రభుత్వ శాఖలు పంపిన ఉద్యోగులే. పైగా అప్పట్లో వైమానిక ఫోటోలు పొందడానికి రక్షణపరమైన అనుమతులు కావలసి ఉండేవి. మామూలు కళాశాల విద్యార్థికి అవి అందేవి కావు.

3. ఉపగ్రహాల రాక

1972లో అమెరికా మొదటి ల్యాండ్‌శాట్‌ను ప్రయోగించింది. 1974లో హైదరాబాదు కేంద్రంగా నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడింది. 1979 నాటికి షాద్‌నగర్ సమీపంలోని కేంద్రం ల్యాండ్‌శాట్ సమాచారాన్ని నేరుగా అందుకోసాగింది. 1988 మార్చి 17న మన తొలి పూర్తిస్థాయి కార్యాచరణ రిమోట్ సెన్సింగ్ ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఎ కక్ష్యలోకి చేరింది. డెహ్రాడూన్ సంస్థ కూడా ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్‌గా మారింది.

దీంతో చిత్రం ఫోటో కాగితం నుంచి కంప్యూటర్ అంకెల్లోకి మారింది. కొత్త అడ్డంకి యంత్రం. నేను బోధన మొదలుపెట్టిన రోజుల్లో తరగతి మొత్తానికి ఒకే కంప్యూటర్ ఉండేది. ఒకరు మీటలు నొక్కుతుంటే మిగిలినవారు వెనక నిలబడి చూసేవారు. చిత్రాలు కొనాలన్నా, సాఫ్ట్‌వేర్ కొనాలన్నా విభాగం బడ్జెట్ చాలేది కాదు.

4. ఉపగ్రహం మోసిన పాఠం

ఉపగ్రహంతో పాఠాలు చెప్పడం మనకు కొత్త కాదు. 1975-76లో జరిగిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు అందాయి. 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఎడ్యుశాట్ విద్య కోసమే రూపొందిన ఉపగ్రహం. దాని ఆధారంగా డెహ్రాడూన్ సంస్థ 2007లో 12 విద్యాసంస్థలతో దూరబోధన మొదలుపెట్టింది. తరవాత ఈ పాఠాలు ఇంటర్నెట్‌కు మారాయి. ఎడ్యుశాట్ పాఠానికి విద్యార్థి నిర్ణీత వేళకు కేంద్రానికి రావలసి ఉండేది. ఇంటర్నెట్ ఆ నిబంధనను కూడా తొలగించింది.

5. ఆన్‌లైన్ కోర్సు రూపకల్పన

2008లో ల్యాండ్‌శాట్ చిత్రాలను ఉచితం చేశారు. 2009లో ఇస్రో భువన్ పోర్టల్ వచ్చింది. 2015 నుంచి ఐరోపా సెంటినెల్-2 చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో ఉచితంగా అందుతున్నాయి. క్యూజీఐఎస్ వంటి సాఫ్ట్‌వేర్‌కు కూడా రుసుము లేదు. అంటే చిత్రం కొరత, సాధనం కొరత చాలావరకు తీరాయి. మిగిలింది మూడో మెట్టు, అంటే వెళ్లి సరిచూడటం. ఉపన్యాసాలను వీడియోలుగా మార్చి కోర్సు పూర్తయిందనుకుంటే జారిపోయేది సరిగ్గా ఈ మెట్టే.

పదవీ విరమణ తరవాత నేను బోధించిన ఒక ఆన్‌లైన్ కోర్సులో నాకు ఈ సంగతి బాగా తెలిసివచ్చింది. అభ్యాసం కోసం ఇచ్చిన చిత్రంలో ఒక ముక్క ముదురు ఎరుపులో ఉంది. పచ్చని ఆకులు సమీప పరారుణ కిరణాలను బాగా పరావర్తనం చేస్తాయి కాబట్టి, ఈ రకం చిత్రంలో అవి ఎర్రగా కనిపిస్తాయి. నేను జవాబు పత్రంలో దాన్ని పంట అని రాశాను. ఒక విద్యార్థిని నుంచి ఉత్తరం వచ్చింది: "సార్, అది మా ఊరి చెరువు. గుర్రపుడెక్క పట్టి నీళ్లు కనబడవు. రోజూ ఆ కట్ట మీదుగానే వెళ్తాను." ఆమె పంపిన ఫోటో చూసి జవాబు పత్రం దిద్దుకున్నాను. నగరంలో కూర్చున్న నాకు ఆ చెరువు దూరం. దూరవిద్య విద్యార్థిని అయిన ఆమెకు అది దగ్గర.

అందువల్ల ఈ కోర్సును రూపొందించేవారు మూడు విషయాలు పాటించాలి. మొదటిది, ప్రతి విద్యార్థికీ తన సొంత మండలమే క్షేత్రం కావాలి. రెండోది, పూర్తి చిత్రం పెద్ద ఫైలు కాబట్టి, ఆ మండలం మేరకు కత్తిరించి ఇవ్వాలి. ఫోన్ డేటా మీద ఆధారపడే విద్యార్థి అప్పుడే అభ్యాసం చేయగలుగుతాడు. మూడోది, పటం ఎంత అందంగా ఉందన్న దానికి కాక, ఎన్ని చోట్లకు వెళ్లి సరిచూశారు, ఎన్ని తప్పులు బయటపడ్డాయి అన్న దానికి మార్కులు ఇవ్వాలి.

6. సారాంశం

మొదట చిత్రం, తరవాత యంత్రం, ఆపైన తరగతిలో చోటు ఒక్కొక్కటిగా అందుబాటులోకి వచ్చాయి. ఆన్‌లైన్ కోర్సు చూడటాన్ని, ఊహించడాన్ని ఇంటికి తేగలదు. సరిచూడటానికి మాత్రం విద్యార్థి బయటికి నడవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. స్టీరియోస్కోపు కాలపు బోధనలోని మూడు మెట్లు ఏవి?
2. ఎడ్యుశాట్ పాఠానికీ, ఇంటర్నెట్ పాఠానికీ ఉన్న తేడా ఏమిటి?
3. భువన్‌లో మీ ఊరి చెరువును గుర్తించండి. అక్కడికి వెళ్లి చూసి, చిత్రానికీ నేలకూ కనిపించిన తేడాలను పది వాక్యాల్లో రాయండి.