ఉత్తరంలో మొదటి లైను

కిందటేడు మామయ్య పోయినప్పుడు నేను ఇండియా వెళ్ళలేకపోయాను. వీసా స్టాంపింగు గొడవ ఒకటి, ప్రాజెక్టు రిలీజు ఒకటి (రెండోది ఉత్త సాకేనని ఇప్పుడనిపిస్తోంది). అత్తయ్యకి చెవులు సరిగ్గా వినపడవు. ఫోన్లో నేనొకటి అడిగితే ఆవిడ ఇంకోదానికి జవాబు చెబుతుంది. వాట్సాప్ సంగతి సరేసరి. అందుకని ఉత్తరం రాద్దామని కూచున్నాను. కూచుని అరగంటైనా కాగితం మీద ఒక్క ముక్క పడలేదు. ఆవిణ్ణి ఏమని సంబోధించాలి?

చిన్నప్పుడు నాన్నగారు చెబుతుంటే ఇన్లాండు కవరు మీద ఆవిడకి ఉత్తరాలు రాసింది నేనే. "మహాలక్ష్మీ సమానురాలైన అక్కయ్యగారికి నమస్కరించి తమ్ముడు వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి" అని మొదలయ్యేది. ఆ 'ఉభయకుశలోపరి' దాటాడో లేదో నాన్న మామూలు మనిషైపోయేవాడు. "మొన్న గేదె ఈనింది. నువ్వుంటే జున్ను తినేదానివి కదా అని మీ మరదలు ఒకటే గొడవ." ఒకే కాగితం మీద రెండు తెలుగులు!

ఇప్పుడు ఆ మొదటి లైను పనికిరాదు. భర్త పోయినావిడకి సంప్రదాయం వేరే బిరుదు పెట్టింది: గంగాభాగీరథీ సమానురాలు. శుభలేఖల్లో 'గం.భా.స.' అని మూడక్షరాలుగా మీరూ చూసే ఉంటారు. వినడానికి పుణ్యనదుల పేర్లే. చెప్పేది మాత్రం ఈవిడకి మొగుడు లేడని. భార్య పోయిన మగాడు మాత్రం యథాప్రకారం మ.రా.శ్రీ.గానే ఉంటాడు, చూశారా!

ఏం రాయాలో తేలక ఆ రాత్రి గ్రాంథిక వ్యావహారిక భాషల పాత తగువు తిరగేశాను. ఇష్టమైన సబ్జెక్టేలెండి, పని ఎగ్గొట్టడానికి మంచి దారి. ఈసారి అందులో ఉత్తరాల సంగతి ఒక్కటే కళ్ళపడింది.

ఏనుగుల వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే నెలలో కాశీయాత్రకి బయల్దేరి మరుసటేడు సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారిలో చూసినవన్నీ రాసి మద్రాసులో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకి పంపుతుండేవాడు. అవే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. మజిలీలూ, సత్రాలూ, దొరికే సరుకులూ... స్నేహితుడికి చెప్పాల్సినవన్నీ అప్పటి మద్రాసు తెలుగువాళ్ళ మాటల్లోనే చెప్పాడు. మరి స్నేహితుడికి ఇంకెలా రాస్తారు?

తర్వాత బ్రౌన్ దొర. నిఘంటువు వల్ల ఆయన అందరికీ తెలుసు గానీ, 1852లో ఆయన అచ్చువేసిన 'తెలుగు రీడర్' సంగతి తక్కువమందికి తెలుసు. అది ఉత్తరాల పుస్తకం. సొంత ఉత్తరాలు, వ్యాపారం ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల కాగితాలు. కాగితాల్లో తెలుగు ఎలా నడుస్తోందో తెలియాలంటే ఇవి చదవాలని ఆయన లెక్క. సరిగ్గా మరుసటేడే, 1853లో, చిన్నయసూరి 'నీతిచంద్రిక' వచ్చింది. 1858లో 'బాలవ్యాకరణం'. బళ్ళల్లో నిలిచింది సూరిగారి తెలుగే. ఆయన వచనం అందమైనదే, కాదనను. కానీ జనం కాగితాల మీద రాసుకుంటున్న తెలుగు తప్పుల తడకైపోయింది.

ఆ తర్వాతి యాభై అరవయ్యేళ్ళు పిల్లలు బడిలో ఒక భాష, ఇంట్లో ఒక భాష. 1906-07 ప్రాంతంలో ఉత్తర జిల్లాలకి స్కూళ్ళ ఇన్స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొరకి ఈ తేడా వింతగా తోచి అడిగాడు. ఆ ప్రశ్న పర్లాకిమిడిలో ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారిని పట్టుకుని మరి వదల్లేదు. పండితులు గ్రాంథికం పేరుతో రాసినదాంట్లో వాళ్ళ వ్యాకరణం ప్రకారమే ఎన్ని తప్పులున్నాయో ఏరి చూపించడం ఆయనకి మహా సరదా. అటువైపు జయంతి రామయ్య పంతులుగారు, 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు. తమాషా ఏమిటంటే తెలుగు ఎలా రాయాలన్న ఈ పోట్లాటలో గిడుగువారి మెమొరాండం, రామయ్యగారి జవాబు, 1914లో గురజాడ అప్పారావుగారి అసమ్మతి పత్రం, మూడూ ఇంగ్లీషులోనే ఉన్నాయి! (ఆఫీసులో తెలుగువాళ్ళం ముగ్గురం కూచుని ఇంగ్లీషులో వాదించుకున్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.)

చివరికి గిడుగువారి పక్షమే నెగ్గింది. 'చేసెను' పోయి 'చేశాడు' వచ్చింది. కథలూ పత్రికలూ మారాయి. మారింది ఎక్కువగా క్రియాపదాలు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే బాడీ మార్చారు గానీ హెడర్ జోలికి పోలేదు. హెడర్లో ఉన్నది వ్యాకరణం కాదు మరి. ఎవరు ఎవరికన్నా పైన, ఎవరికి మొగుడున్నాడు, ఎవరికి లేడు అన్న లెక్క. గురజాడవారు 1892లో ఆడించి 1897లో అచ్చువేసిన 'కన్యాశుల్కం'లో బుచ్చమ్మ, మీనాక్షి ఇద్దరూ వితంతువులే. వాళ్ళ మాటల్లోనే వాళ్ళు మాట్లాడతారు. అదొచ్చి నూరేళ్ళు దాటాక కూడా మా ఇంటికొచ్చిన శుభలేఖ మీద గం.భా.స. అనే ఉంది.

నేను "అత్తయ్యా," అని రాశాను, అంతే. కింద రెండు పేజీలు. మామయ్య నాకు సైకిలు నేర్పుతూ ఆయనే కాలవలో పడ్డ సంగతీ, రాలేకపోయినందుకు నా సిగ్గూ.

నెల తర్వాత జవాబొచ్చింది, వణికే అక్షరాలతో. "చిరంజీవిని ఆశీర్వదించి అత్తయ్య వ్రాయునది. ఇచ్చట మేమందరము క్షేమము. అచ్చట మీ యోగక్షేమములు తెలియజేయగలవు." మేమందరము ఎవరని? ఆ ఇంట్లో ఇప్పుడు ఆవిడ ఒక్కతే ఉంటోంది. ఆ లైన్లు వంకర లేకుండా, అలవాటుగా సాగిపోయాయి. తర్వాత కొంచెం ఖాళీ. దాని కింద, "మీ మామయ్య చెప్పులు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయిరా. తియ్యబుద్ధి కావట్లేదు."